కోహిమా కొండ మీద టీచరమ్మగారి నాన్న

మా టీచరమ్మగారు పోయారు. రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరి, చెప్పులు కూడా వేసుకుని, వరండాలో కుర్చీలో కూర్చుని అలాగే పోయారు. పక్కింటావిడ గుమ్మంలోంచి "టీచర్ గారూ, మొదటి గంట కొట్టేశారండీ" అని పిలిస్తే పలకలేదట. పిలిస్తే పలకని మనిషి కాదు. అందుకే ఆవిడకి వెంటనే అర్థమైపోయింది.

నేను అప్పుడు కోడూరు సెంటర్లో టీ తాగుతున్నాను. కబురు తెచ్చినవాడు బండి దిగకుండానే చెప్పాడు. "మేస్త్రీ గారూ, టీచరమ్మగారు పోయారండి. గొయ్యి మీరే చూడాలంట." టీ సగంలో వదిలేసి లేచాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. నేను తాపీ మేస్త్రిని. ఇళ్లు చాలా కట్టాను కానీ నాకు పేరు తెచ్చింది సమాధులు. కోడూరు నుంచి అవనిగడ్డ దాకా ఏ సమాధుల తోటకి వెళ్లినా నా చేతి పని నేను దూరం నుంచే గుర్తుపడతాను. చిన్నప్పుడు బందరు వెళ్లి, అక్కడ తెల్లదొరలు ఎప్పుడో కట్టుకున్న పాత సమాధులు రోజుల తరబడి చూసి, పనితనం అంటే ఏంటో తెలుసుకున్నాను. ఎవరూ నేర్పలేదు. చదువు మాత్రం మూడో తరగతి. అది కూడా మర్చిపోయాను. రాళ్ల మీద పేర్లు చెక్కేవాణ్ణి గానీ చదివేవాణ్ణి కాదు. కాగితం మీద రాసిస్తే బొమ్మ దించినట్టు దించేవాణ్ణి. నాకు అక్షరాలు మళ్లీ వచ్చింది టీచరమ్మగారి వల్ల, అదీ అరవై దాటాక. ఈ రాత నేనే రాశాను. బాగాలేకపోతే తప్పు నాది.

ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో రిటైరయ్యేదాకా చెప్పారు. తెల్ల వాయిలు చీర, మగవాళ్ల నల్ల గొడుగు. సుద్దముక్క వేళ్లకి అంటకుండా దాని చివర కాగితం చుట్టుకునేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. ఎవరైనా నవ్వితే, "గ్లాసుకి కాలదు, నా నాలిక్కి కాలుద్ది" అనేవారు. పిల్లల్ని కొట్టడం నేను చూడలేదు. కానీ హాజరు వేసేటప్పుడు ఆవిడ గొంతు రోడ్డు మీదికి వినపడేది. ఒక్కొక్కణ్ణీ ఇంటిపేరుతో సహా పూర్తిగా పిలిచేవారు. మా పేటలో పిల్లలందరికీ వెక్కిరింపు పేర్లే. ఒకడు బొండాం, ఒకడు పీత. బడికి వెళ్తేనే వాళ్లకి పేరుండేది. మా పెద్దోడు ఒకసారి ఇంటికొచ్చి, "నాన్నా, టీచర్ గారు పిలుస్తుంటే నేను ఏదో ఆఫీసర్ని అనిపిస్తుద్ది" అన్నాడు. నేను నవ్వాను. పేరుదేముంది అనుకునే రోజులవి నాకు.

ఆవిడకి మాత్రం పేరే పెద్ద సంగతి. ఎందుకో చెప్తాను.

ఆవిడ కడుపులో ఉండగానే వాళ్ల నాన్న మిలిటరీలో చేరి వెళ్లిపోయాడు. తెల్లవాళ్లకీ జపానువాళ్లకీ యుద్ధం జరిగే రోజులు. తుపాకీ పట్టే ఉద్యోగం కాదు, బర్మా వైపు కొండల్లో రోడ్లు వేసే దళం. పార పట్టుకున్న సిపాయి. ఆవిడ పుట్టాక కొన్ని నెలలకి ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. ఫాదరుగారు చదివి, చనిపోయాడని చెప్పారు. వాళ్లమ్మ తెల్లచీర కట్టింది. కాగితం ట్రంకుపెట్టెలో పెట్టింది. అయిపోయింది అనుకున్నారు.

కానీ యుద్ధం అయ్యాక రంగూన్ నుంచి వచ్చినవాడెవడో, అక్కడి బజార్లో అతన్ని చూశానని అన్నాడు. ఇంకేముంది, బర్మాలో ఇంకో సంసారం పెట్టాడని ఊరంతా చెప్పుకున్నారు. "బతికున్న మొగుడికి తెల్లచీర కట్టిందమ్మా మహాతల్లి" అని రేవు దగ్గర ఆడవాళ్లు ఆమెకి వినపడేలాగే అనేవాళ్లు. నేను చిన్నవాణ్ణి, నా చెవులతో విన్నాను. చూపించడానికి ఆ కాగితం ఒక్కటే ఉండేది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు పెట్టెతో సహా అది సముద్రంలో కలిసింది. తల్లీకూతుళ్లు చర్చి మేడ మీదికెక్కి బతికారు.

తర్వాత కొన్నేళ్లకి ఆ తల్లి పోయింది. సమాధి నేనే కట్టాను. రాయి మీద ఏం చెక్కాలో టీచరమ్మగారు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం సంఘ పెద్ద ఒకాయన నా చేతిలోంచి లాక్కుని చదివాడు.

"సిపాయి భార్య అని ఏంటమ్మా? మట్టి మోసినోడు సిపాయి ఎట్లా అవుతాడు? పైగా మనిషి పోయాడో లేదో తెలీదు. దేవుడి తోటలో అబద్ధం చెక్కకూడదు."

నేను ఆవిడ మొహం చూశాను. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. "ఆ ఒక్క వరసా ఖాళీగా వదిలెయ్ మేస్త్రీ. తర్వాత చెక్కుదువు గాని" అన్నారు. వదిలేశాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ రాయి మీద ఆ వరస ఖాళీగానే ఉంది. ఈస్టరుకి ముందు అందరూ సమాధులకి సున్నం వేసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఆవిడ ఏటా వచ్చి తన చేత్తోనే వాళ్లమ్మ సమాధికి సున్నం వేసుకునేవారు. ఖాళీ వరస దగ్గర కుంచె ఆగేది. ఒక్క క్షణమే. నేను గమనించేవాణ్ణి. అడిగేవాణ్ణి కాదు.

ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు ఆవిడే మా ఇంటికొచ్చారు. గుడివాడలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న పాత శిష్యుడొకడు ఇంటర్నెట్లో వెతికి పెట్టాడట. కోహిమా అనే ఊళ్లో, ఆ యుద్ధంలో పోయినవాళ్ల సమాధుల తోటలో, వాళ్ల నాన్న పేరుతో ఒక రాయి ఉందట. వరస నంబరు కూడా ఇచ్చాడట.

"కానీ ఆ పేరున్నవాళ్లు బోలెడుమంది మేస్త్రీ. మన క్రైస్తవుల్లో ఆ పేరు ఇంటికొకడుంటాడు. మా నాన్నో కాదో వెళ్లి చూస్తేగానీ తెలీదు. నాతో వస్తావా?"

"ఎక్కడుందండీ అది? గుంటూరు అవతలా?"

ఆవిడ నవ్వారు. "మూడు రోజుల రైలు. ఆ తర్వాత కొండ."

"మీవాళ్లు ఎవరూ రారా అండి?"

"వస్తే నన్ను చూసుకుంటారు. నాకు రాయిని చూసే మనిషి కావాలి. కింద నిజంగా మనిషి ఉన్నాడో, ఉత్తిత్తి రాయో, నువ్వు చెప్పగలవు కదా."

చెప్పగలనన్నాను. నేల తొక్కి చూస్తే నాకు తెలిసిపోద్దని కోతలు కోశాను కూడా. కానీ మనసులో మాట దాచుకునే అలవాటు నాకు లేదు. "మట్టిలో కలిసిపోయినోళ్లని వెతకడం ఏంటండీ ఈ వయసులో? ఉప్పెనలో మా అమ్మ పోయింది. నేను వెతుక్కుంటూ తిరిగానా?" అని అడిగాను.

ఆవిడ నా పల్చటి చొక్కా వైపు చూశారు. "స్వెట్టర్ ఉందా నీకు? అక్కడ చలి" అన్నారు.

సున్నం తీసుకెళ్దామన్న ఆలోచన నాదే. ఈస్టరు దగ్గరపడుతోంది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ తండ్రి సమాధికి సొంతవాళ్ల చేతి సున్నం పడలేదు, వట్టి చేతులతో ఎలా వెళ్తాం అన్నాను. "మంచి మాటన్నావు" అన్నారావిడ. బియ్యం సంచిలో సున్నం పొడి పొట్లాలు, కొత్త కుంచె, చిన్న బకెట్టు సర్దుకున్నాను. ఆవిడ ఆవకాయ, మినపసున్ని వేరే సంచిలో పెట్టుకున్నారు.

రైలు సంగతి చెప్పను, నడుము ఇంకా నొప్పి పెడుతుంది. రైలు దిగి జీపెక్కి కొండ ఎక్కుతుంటే దారిలో పోలీసులు ఆపారు. ఆ కొండల్లోకి వెళ్లడానికి కావాల్సిన పర్మిట్ కాగితాలు చూశారు. తర్వాత నా సంచి విప్పారు. తెల్లపొడి పొట్లాలు! ఒకడు విజిలేశాడు. నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను నాలిక మీద వేసుకుని చూపిద్దామా అని కూడా అనుకున్నాను. టీచరమ్మగారు జీపు దిగి, గొడుగు కర్రలాగా నేలకి ఆనించి, ఇంగ్లీషులో వాళ్లకి పాఠం చెప్పినట్టు చెప్పారు. వాళ్లు నవ్వి వదిలేశారు.

"ఏం చెప్పారండి?"

"మా నాన్న ఇంటికి వెల్ల వెయ్యడానికి వెళ్తున్నాం అన్నాను. నీ సున్నం మూలంగా ఈ వయసులో జైలుకి వెళ్లేదాన్ని మేస్త్రీ."

మాది బల్లపరుపు నేల. బెజవాడ కొండ తప్ప నేను కొండ ఎరగను. ఆ కొండలు చూడ్డానికి జీపులోంచి తల బయటపెట్టాను. ఊరు ఊరంతా కొండకి అతుక్కుని ఉంది. దాని నడిమధ్యలో, మెట్లు మెట్లుగా కోసిన వాలు మీద ఆ సమాధుల తోట. కింద రోడ్డు మీద లారీల హారన్లు. గేటు దాటి లోపలికి రెండడుగులు వేస్తే ఆ మోత ఎటు పోయిందో తెలియలేదు.

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. ఒప్పుకుంటాను. కానీ ఆ గేటు దగ్గర నా చెప్పులు నేనే విప్పేశాను. ఎవరూ విప్పమనలేదు.

గడ్డి కత్తిరించిన తివాచీలాగా ఉంది. మోకాలి ఎత్తు కూడా లేని రాళ్లు, ఒక్కో రాయి మీద చిన్న ఇత్తడిరంగు పలక, ప్రతి రాయి మొదట్లో ఒక పూలమొక్క. వరస తర్వాత వరస, మెట్టు తర్వాత మెట్టు. నా జేబులో ఎప్పుడూ నూలు తాడు ఉంటుంది. ఆగలేక తీసి, ఒక వరస ఈ చివర నుంచి ఆ చివరకి లాగి పట్టుకుని చూశాను. ఒక్క రాయి కూడా తాడు దాటి ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. కొండ వాలు మీద! నా జన్మలో ఒక వరస సమాధులు అలా కట్టలేదు. మన దగ్గర ఎవడి సమాధి వాడిది. ఎకరాలున్నవాడికి గోపురం, లేనివాడికి మట్టి దిబ్బ. మా బందరు దొరలవీ అంతే, పెద్దవాడికి పెద్దది. ఇక్కడ పెద్ద ఆఫీసరూ, వంటవాడూ, పద్దెనిమిదేళ్ల పిల్లాడూ ఒకే ఎత్తు. హిందువుల్నీ సిక్కుల్నీ దహనం చేశారట. వాళ్ల పేర్లు పైన ఒక కట్టడం మీద చెక్కి ఉన్నాయి. వాళ్లలోనూ ఎవరికీ హెచ్చు లేదు, తగ్గు లేదు.

నంబరు ప్రకారం వెతికితే రాయి దొరికింది. టీచరమ్మగారు వంగి చదివారు. దళం పేరు ఉంది, పేరు ఉంది, పోయిన రోజు ఉంది. అంతే.

"మీ నాన్నగారేనా అండి?"

"పేరు ఆయనదే. మనిషి ఆయనేనో కాదో." ఆవిడ గొడుగు ఆనించుకుని నడుం ఎత్తారు. "గేటు దగ్గర గోడలో ఒక పుస్తకం ఉంటుందంట. ఎవరి తాలూకో దాంట్లో రాసుంటుందంట. చూసొస్తాను. నువ్వు ఇక్కడే ఉండు, ఏం చెయ్యకు."

ఏం చెయ్యకు అన్నారు. నేను విన్నాను. కానీ నా చేతులు ఊరికే ఉండవు. పేరు కలిసింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆవిడ తిరిగొచ్చేసరికి రాయి తెల్లగా మెరుస్తూ ఉంటే సంతోషిస్తారనుకున్నాను. కొళాయి దగ్గర బకెట్టులో సున్నం కలుపుకొచ్చి కుంచె ముంచాను. పలక తప్పించి రాయికి రెండు చారలు వేశానో లేదో, పైమెట్టు మీద నుంచి ఒక అరుపు. గడ్డి కత్తెర పట్టుకుని ఒక తోటమాలి పరుగెత్తుకొస్తున్నాడు. నా వయసే ఉంటుంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. వచ్చీ రావడంతో నా చేతిలో కుంచె లాక్కున్నాడు. నాకు కోపం వచ్చింది. నా కుంచె ఇంతవరకు ఎవడూ ముట్టుకోలేదు. అతను తన భాషలో, నేను నా భాషలో అరుచుకుంటున్నాం.

అప్పుడు టీచరమ్మగారు వచ్చారు. పెద్ద పుస్తకం ఒకటి రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, గడ్డి మీద తడబడుతూ వచ్చారు. నా వైపు గానీ, సున్నం వైపు గానీ, ఆ మనిషి వైపు గానీ చూడలేదు.

"మేస్త్రీ, అమ్మ పేరుంది."

పుస్తకం తెరిచి ఒక చోట వేలు పెట్టారు. నాకు ఇంగ్లీషు రాదు. వేలు ఉన్న చోటే చూశాను. ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, కృష్ణా జిల్లా అని ఉందట. మా ఊరి పేరు! అవనిగడ్డ దాటి ఎరగని మనిషి, రేవు దగ్గర తలొంచుకుని నీళ్లు మోసుకున్న మనిషి, ఆమె పేరు దేశం ఆ చివర కొండ మీద, గట్టి అట్ట పుస్తకంలో అచ్చు వేసి ఉంది. అంతకాలం మా ఊరు ఆమె మాట నమ్మలేదు. ఆ పుస్తకం నమ్మింది.

టీచరమ్మగారు గడ్డి మీద కూర్చుండిపోయారు. రాయిని తాకారు. "నాన్నా" అన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఆ మాట పలకడం అదే మొదటిసారి అనుకుంటాను. ఎలా పలకాలో తెలియనట్టు, చిన్నగా అన్నారు.

ఆవిడ చెయ్యి తీసేసరికి అరచేతికంతా సున్నం. అప్పుడు చూశారు రాయిని. "ఏం చేశావు మేస్త్రీ?" అని మొదలుపెట్టి, నవ్వొచ్చేసి, నవ్వుతూనే ఏడ్చారు. ఆ తోటమాలికి ఇంగ్లీషులో మా ఆచారం చెప్పారు. అతను వింటూ వింటూ మెత్తబడ్డాడు. కుంచె నా చేతికిచ్చేశాడు. ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడండి?"

"ఒక్కడికి సున్నం వేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారు, నేను రోజూ అందరి మొహమూ చూడాలి కదా అంటున్నాడు."

నేను కుంచె కింద పెట్టేశాను. ముగ్గురం కూర్చుని నీళ్లు పోసి, పాతగుడ్డతో ఆ సున్నమంతా తుడిచాం. ఇప్పటిదాకా నేను వేసిన సున్నం నేనే కడిగింది అదొక్కటే.

కడుగుతుండగా ఆవిడ అడిగారు. "ఇప్పుడు చెప్పు. కింద ఉన్నారా?" నేను నేల మీద చెయ్యి పెట్టాను. నాకేం తెలియలేదు. ఆ మాటే చెప్పాను. తోటమాలిని అడిగితే అతను చెప్పాడు. యుద్ధం జరిగేటప్పుడు ఎక్కడ పడ్డవాణ్ణి అక్కడే, రోడ్డు పక్కనో, కందకం పక్కనో తోటివాళ్లు పాతిపెట్టేవాళ్లట. గుర్తుకి ఒక కర్ర నాటి, దాని మీద పేరు రాసేవాళ్లట. యుద్ధం అయ్యాక ఆ కర్రల్ని వెతుక్కుంటూ కొండలన్నీ తిరిగి, ఒక్కొక్కర్నీ తెచ్చి ఇక్కడ పెట్టారట.

నేను గొయ్యి తవ్వే మనిషిని. మా నేలలో మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి, బకెట్లతో తోడితేగాని పెట్టె దించలేం. దానికే విసుక్కుంటాను, చుట్టూ ఉన్నవాళ్ల మీద కేకలేస్తాను. ఆ కొండ మీద, గుండ్లు పడుతుండగా, ఒకడెవడో ఆగి, పార పట్టుకున్న ఒక కూలీ కోసం గొయ్యి తవ్వాడు. తవ్వి ఊరుకోలేదు. పెన్సిలు వెతికాడు. పేరు రాశాడు. తను బతుకుతాడో లేదో తెలియనివాడు! అతనెవరో, ఏ దేశంవాడో. ఆ వరసలోనే ఎక్కడో పడుకుని ఉన్నాడేమో కూడా. నేను కట్టిన గోపురాలన్నీ కలిపినా ఆ పెన్సిలు రాతకి సరిరావు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా లేదు.

పుస్తకం తిరిగి గేటు గోడలో పెట్టేముందు టీచరమ్మగారు లేచి, గొడుగు పట్టుకుని, ఆ వరస మొదటికి వెళ్లారు. "మా నాన్న ఇరుగుపొరుగు వీళ్లు. ఎవరెవరో తెలుసుకోవాలి కదా" అన్నారు. ఒక్కో రాయి దగ్గరా ఆగి పేరు చదివారు. చదవడం కాదు, పిలిచారు. స్కూల్లో హాజరు వేసిన గొంతే. ఇంగ్లీషు పేర్లు, మన పేర్లు, తురకల పేర్లు, ఇంటిపేరుతో సహా, కొండకి వినపడేలా. తోటమాలి టోపీ తీసి పట్టుకున్నాడు. మధ్యలో ఒక రాయి దగ్గర ఆవిడ ఆగిపోయారు. పలక మీద పేరు లేదు. ఎవరో తెలియని సైనికుడు అని మాత్రం ఉందట. ఆవిడ అక్కడ ఒక పేరు చదివేంతసేపు ఊరికే నిలబడి, తర్వాత రాయికి వెళ్లారు.

నేను ఆ పేరు లేని రాయి పక్కన కూలబడ్డాను. ఆవిడ వరస చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాక, ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకి చెప్పాను. ఉప్పెన తగ్గాక శవాల్ని ఎత్తి కరకట్ట పక్కన గోతుల్లో పెట్టినవాళ్లలో నేనొకణ్ణి. ఉబ్బిపోయి ఎవరు ఎవరో తెలియలేదు. కానీ కొందరు తెలిశారు. చీర చూసో, చేతి మీద పచ్చబొట్టు చూసో పోల్చుకున్నాం. అయినా ఎవరి పేరూ రాయలేదు. మా అమ్మ ఏ గోతిలో ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలీదు.

"పెన్సిలు దొరక్క కాదండి. మాకు ఆ ఆలోచన రాలేదు" అన్నాను.

ఆవిడ తప్పు అనలేదు, ఓదార్చలేదు. సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశారు.

"మీ అమ్మ పేరు చెప్పు మేస్త్రీ."

చెప్పాను.

"ఇంటిపేరు?"

చెప్పాను. రాసుకున్నారు.

తిరిగొచ్చిన వారానికే వాళ్లమ్మ రాయి మీద ఆ ఖాళీ వరస చెక్కాను. 'సిపాయి భార్య'. బొమ్మ దించినట్టు కాదు. ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చెప్తుంటే, ఏది చెక్కుతున్నానో తెలిసి చెక్కాను. అడ్డుపడిన ఆ సంఘ పెద్ద అప్పటికి లేడు. ఉండుంటే చేతికి కళ్లజోడిచ్చి చదవమనేవాణ్ణి.

ఆ తర్వాత ఆవిడ ఆ నోటుబుక్కు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మా పేటే కాదు, మత్స్యకారుల పల్లెలు, సాయిబుల వీధి, కాపుల వీధి, కాలువ అవతల ఊళ్లు కూడా. ఉప్పెనలో మీవాళ్లు ఎవరు పోయారు, పేరు చెప్పండి, పూర్తిగా చెప్పండి. కొందరు కసిరారు. "ఇన్నేళ్లకి ఇప్పుడెందుకండీ ఆ ఏడుపు?" అన్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడేవారు, వెళ్లేవారు కాదు. చివరకి కుర్చీ వేసేవాళ్లు. కరకట్ట పక్కన ఆ గోతులున్న చోట నేను ఒక రాయి నిలబెట్టాను. మోకాలి ఎత్తు. దాని మీద చెక్కుదామంటే పేర్లు పట్టవు. అందుకని ఏటా ఉప్పెన వచ్చిన రోజున అక్కడ ఆవిడ నోటుబుక్కు చదివేవారు. మొదటి ఏడాది మేమిద్దరమే. తర్వాత పదిమంది, తర్వాత చాలామంది.

ఆవిడ సమాధికి నల్లరాయి గోపురం కావాలని, ఫొటో పెట్టాలని బంధువులు అడిగారు. మోకాలి ఎత్తు దాటకూడదని ఆవిడ నాకు ముందే చెప్పి ఉంచారు. "ఊరు నవ్వుద్ది మేస్త్రీ" అన్నారు వాళ్లు. నవ్వనివ్వండి అన్నాను. ఇన్నేళ్లలో అంత చిన్న సమాధి నేను కట్టలేదు, అంత శ్రద్ధగానూ కట్టలేదు.

గొయ్యి పూడ్చి చేతులు కడుక్కుంటుంటే, ఆవిడకి వరసకి మేనకోడలయ్యే అమ్మాయి నోటుబుక్కు తెచ్చి నాకిచ్చింది. "మీకే ఇమ్మన్నారు మావయ్యా" అంది. నేను చదవలేనమ్మా, కూడబలుక్కోవాలి అన్నాను. "అత్తయ్యకి తెలుసు కదా ఆ సంగతి" అంది.

ఉప్పెన రోజు పోయిన వారం వచ్చింది. కరకట్ట మీదికి జనం చేరారు. చదువుకున్నవాళ్లు ఎంతమందో ఉన్నారు, ఎవరైనా చదవొచ్చు. నేనే చదువుతానన్నాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాను. ఆవిడ చదివితే గంట పట్టేది. నాకు పొద్దెక్కిపోయింది. ఒక్కరూ వెళ్లలేదు. మా అమ్మ పేరు మొదటి పేజీలోనే ఉంది. ఇంటిపేరుతో సహా పలికాను.

ఆఖరి పేరు అయ్యాక పుస్తకం మూయబోతుంటే వెనక నుంచి ఒక ముసలామె పిలిచింది. "అయ్యా, మా చెల్లెలి పేరు లేదయ్యా. టీచరమ్మ వచ్చినప్పుడు నేను కసిరి పంపేశాను. ఇప్పుడు రాస్తావా?"

ఆఖరి పేరు కింద టీచరమ్మగారు గీత గీసి వదిలిన చోట నేను పెన్సిలు పెట్టాను. చదవడం వేరు, నలుగురిలో నిలబడి రాయడం వేరు. నా చెయ్యి తాపీ పట్టిన చెయ్యి, పెన్సిలు దాంట్లో ఇముడదు. ఆమె పేరు చెప్పింది. నేను ఒక అక్షరం రాసి, చూసుకుని, ఇంకో అక్షరం రాశాను. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. సముద్రం మీద నుంచి గాలి కొట్టి పేజీ ఎగిరిపోబోయింది. పక్కనున్న సాయిబు ఒక మూల అదిమి పట్టుకున్నాడు. ఇంకో మూల ఎవరో చేపలమ్మే ఆమె. ఎవరివో ఇంకో రెండు చేతులు వచ్చాయి, తలెత్తి చూడలేదు. అన్ని చేతుల మధ్యా, నేను ఆ పేరు రాస్తూనే ఉన్నాను.